నాటకపు జడ

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములు నేడు కర్నూలు జిల్లాలోనివైనను 1953 వఱకు బళ్లారి జిల్లాలోనివి. కావున అచ్చటి నాటకాభిరుచిని గూర్చి చెప్పబూనినచో బళ్లారి ప్రసంగము తప్పదు. 1886లో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు బళ్లారిలో సరసవినోదినీ సభను స్థాపించిరి. ఆ కాలపు సమాజములలో స్త్రీపాత్రలను సాధారణముగా పురుషులే ధరించెడివారు. ముందుతల గొఱిగించుకొని పిలక పెంచుకొన్న పురుషుడు ద్రౌపది కావలెనన్న విగ్గు తప్పదు గదా!

విగ్గు కట్టుట నేతపనికి చెల్లెలు వంటిది. ఎమ్మిగనూరి నేతగాండ్రు చూచిన వెంటనే గ్రహింపగలరు. మొదట వెండ్రుకలను పొడవునుబట్టి యేర్పఱుతురు. మొదళ్లన్నియు నొకవైపు, కొనలన్నియు నొకవైపు నుండవలెను. వెండ్రుకపై చేపపొలుసులవంటి సూక్ష్మమైన పొరలు గలవు. తలక్రిందులైన వెండ్రుకలు కలిసెనేని అవి యొండొంటిని పట్టుకొని విడదీయరాని చిక్కు పడును. పిదప తలకు సరిపడు వలపై చిన్న కొక్కెముతో కొలదికొలది వెండ్రుకలను ముడివేయుదురు. ఒక్క తలకు వేలకొలది ముళ్లు! ఆట ముగిసిన పిదప చెమటతో మడచి పెట్టెలో వేసిన విగ్గు చెడును. దానిని కొయ్యతలకు తొడిగి, కొననుండి మొదటికి మెల్లగా దువ్వి, నీడను ఆరబెట్టవలెను. ఇంట సవరము పెట్టుకొను స్త్రీలకు మేమిది నేర్పనక్కఱలేదు.

ఫ్రాన్సు దేశపు నాట్యాచార్యుడు నొవేరు 1760లో ప్రకటించిన నృత్యలేఖలలో తలకును దేహమునకును గల పొందికను చెఱచు పెనువిగ్గులను ఖండించెను. మన కూచిపూడివారికి జడ యలంకారమాత్రము కాదు. భామాకలాపమున సత్యభామ తెరపై వేయు జడ ఆమె గర్వమునకు పతాక. ఆ పాత్రను వేదాంతము సత్యనారాయణశర్మగారు (1935–2012) పోషించిన తీరును మేము తక్కువ చేయజాలము. కాని ఆ మేళములలో స్త్రీలకు చోటు లేకపోవుట కళ విధించిన నియమమా?

1881లో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిరి. ఆ తరువాతను బహుకాలము మన యిండ్లలో బాలవితంతువుల శిరోజములు తీయించుచునే యుండిరి. పగలు ఆ పని చేయించి, రాత్రి పురుషుని కృత్రిమవేణికి ముగ్ధులై చప్పట్లు కొట్టినవారు మన పెద్దలే. సొంత ఆడుబిడ్డ తలపై జడ యుండరాదు. పరపురుషుని తలపై నుండవచ్చును!

1885లో పుట్టిన సురభి నాటకసమాజమున స్త్రీలు తమ పాత్రలను తామే ధరించిరి. అయినను గౌరవ కుటుంబములవారు వారి యాటకు పోయిరే గాని తమ బిడ్డలను రంగమునకు పంపలేదు. బళ్లారి రాఘవగారు (1880–1946) స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టి, విద్యావతులైన కుటుంబస్త్రీలను రంగమునకు రప్పించిరి. సీతకును ద్రౌపదికిని విగ్గు అక్కఱలేకపోయెను; నెరసిన తల కావలసినప్పుడు మాత్రము ఆ పెట్టె తెఱవవలసి వచ్చెడిది.