సొంత తోపా, కిరాయి పటాలమా?

వెనక్కి జరగండి. ఇంకా. కొలిమి తలుపు తీసేటప్పుడు ఇంత దగ్గరగా నిలబడితే కనుబొమలు మాడిపోతాయి.

1798 ఆగస్టు చివరి రోజులు. మీరున్నది మూసీకి ఉత్తరాన, హైదరాబాద్ ఊరి బయట, తోపులు పోసే తోప్ కా సాంచాలో. ఆబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వైపు వెళ్తూ గన్‌ఫౌండ్రీ అని బస్సు దిగుతారే, ఆ చోటే. ఇప్పుడిక్కడ బస్సు లేదు, బ్యాంకు లేదు. ఎత్తైన ఇటుక గోడ, దాని లోపల పొగ, చెమట. నేలలో తవ్విన గుంటలో నిలువునా పాతిన మట్టి అచ్చు. బంకమట్టిలో గుర్రపు లద్దె, వెంట్రుకలు కలిపి తొక్కి చేశారు. రోజుల తరబడి ఆరబెట్టారు. అయినా మేస్త్రీ దాని మూతి లోపల చెయ్యి పెట్టి తడిమి చూస్తున్నాడు. చెమ్మ ఏ కాస్త మిగిలినా, కరిగిన కంచు తగలగానే అది ఆవిరై పేలుతుంది. అచ్చు బద్దలవుతుంది. గుంట చుట్టూ ఉన్నవాళ్ళెవరూ మిగలరు.

"పొయ్యమంటారా, పంతులుగారూ?" అని మీ వైపు చూస్తాడు.

మీరు నిజాం దివాను అరిస్తూ జా కచేరీలో లెక్కలు రాసే మనిషి. కొలిమిలో ఎంత రాగి పడిందో, ఎంత తగరం పడిందో మీ చిట్టాలో ఉంది. తొమ్మిది పాళ్ళు రాగికి సుమారు ఒక పాలు తగరం. రాగి సంగతి ఎలా ఉన్నా, తగరం దక్కనులో దొరకదు. ఓడ మీద రావాలి. నిజాం అలీ ఖాన్‌కు ఓడరేవు లేదు. మచిలీపట్నం ఈస్టిండియా కంపెనీది. గుంటూరు సర్కారు కూడా పదేళ్ళ కిందట, 1788లో, కంపెనీ చేతికి పోయింది. తోపు మనమే పోసుకుంటున్నాం. అందులో కలిసే తగరం మాత్రం పరాయివాడి రేవు దాటి రావాలి.

సరేనని తలూపండి. పోస్తున్నారు. కాలువలో కంచు ఎర్రగా, చిక్కగా పారుతుంది. అచ్చు మూతి దగ్గర బుసబుసమంటుంది. ఎవరూ ఊపిరి తీయరు. అచ్చు నిలబడింది.

ఈ కార్ఖానా పెట్టించింది మిషెల్ జోకిం రేమండ్ అనే ఫ్రెంచివాడు. నిజాం కొలువులో అతను దండు కట్టడం మొదలుపెట్టినప్పుడు చేతి కింద ఉన్నది 300 మంది. వాళ్ళ భుజాన ఉన్న తుపాకులు కూడా సొంతం కావు. తన దేశపు వర్తకుడి దగ్గర తుపాకికి నెలకు ఎనిమిది అణాల కిరాయికి తెచ్చినవి. ఆ కిరాయి తుపాకుల నుంచి పది వేలు దాటిన సిపాయిల దాకా, సొంత తోపుల దాకా వచ్చింది ఈ దండు. మొన్న మార్చి 25న రేమండ్ పోయాడు. ఇప్పుడు దండును పిరాన్ అనే మరో ఫ్రెంచివాడు నడుపుతున్నాడు.

పురానాపూల్ మీదుగా కచేరీకి పదండి. మూసీ మీద ఉన్న వంతెన అదొక్కటే. లోపల మీ కోసం రెండు కాగితాలు ఎదురుచూస్తున్నాయి. ఒకటి ఈ దండు ఖర్చు. రెండోది కంపెనీ పంపిన ఒప్పందం: ఆరు పటాలాల సిపాయిలు, తోపులు, ఇంగ్లీషు అధికారులు. ఏడాదికి 24,17,100 రూపాయలు. షరతు: ఫ్రెంచి అధికారులందర్నీ పంపేయాలి.

ఏది చవక?

తొందరపడకండి. ఖర్దా గుర్తుందా? 1795 మార్చిలో మరాఠాలు మీదికొచ్చారు. అప్పటికే నిజాం జీతమిస్తున్న రెండు ఇంగ్లీషు పటాలాలు ఉన్నాయి. అవి యుద్ధానికి రాలేదు. మరాఠాలతో పోరుకు మావాళ్ళు రారని గవర్నర్ జనరల్ జాన్ షోర్ తేల్చేశాడు. రేమండ్ దండు నిలబడి పోరాడింది. నిజాం భయపడి ఖర్దా కోటలోకి తప్పుకున్నాడు, ఓడాడు. ఈ కాగితం మీ చేతికిచ్చిన దివానునే మరాఠాలు బందీగా పూనా తీసుకుపోయారు. రెండేళ్ళు అక్కడున్నాడు. ఆయనకిప్పుడు కావలసింది మరాఠాలు మళ్ళీ రాకుండా చూసే అండ. అది కంపెనీ దగ్గరే ఉందని ఆయన నమ్మకం.

చిన్న దేశాలన్నీ ఇవాళ్టికీ ఈ బల్ల ముందే కూర్చుంటున్నాయి, ఫైటర్ జెట్‌ల జాబితాతో. చెక్ రిపబ్లిక్, హంగరీ స్వీడన్ నుంచి చెరో 14 గ్రిపెన్ విమానాలు లీజుకు తీసుకున్నాయి. రేమండ్ ఎనిమిది అణాల పద్ధతే అది. ఫిలిప్పీన్స్ కొరియా దగ్గర 12 ఎఫ్‌ఏ-50లు కొనుక్కుంది. ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాలకు అసలు ఫైటర్లే లేవు. 2004 నుంచి నాటో దేశాలు వంతులవారీగా వచ్చి వాటి ఆకాశాన్ని కాస్తున్నాయి. సొంతంగా తయారుచేసుకునే మనకైనా తేజస్ ఇంజను అమెరికా నుంచే రావాలి. ఇంజన్లు ఆలస్యమైతే విమానాలూ ఆలస్యం. తగరం కోసం రేవు వైపు చూడటం ఇంకా తప్పలేదు.

సెప్టెంబరు 1న ఒప్పందం మీద ముద్ర పడింది.

అక్టోబరు 21. మీరు ఫ్రెంచి దండు విడిదిలో ఉన్నారు. చంకలో జీతాల చిట్టా. ఫ్రెంచి అధికారుల కొలువు చెల్లిందన్న నిజాం హుకుం ఇప్పుడే చేరింది. సిపాయిలు తిరగబడ్డారు. బాకీ జీతాలిచ్చేదాకా కదలనివ్వమంటూ అధికారుల్నే నిర్బంధించారు. మాట్లాడదామని వచ్చిన కంపెనీ అధికారి జాన్ మాల్కంను గుంపు చుట్టుముట్టింది. ఒకప్పుడు అతని కింద పనిచేసిన సిపాయిలు కొందరు గుర్తుపట్టి బయటపడేశారు.

మిమ్మల్ని ఎవరు బయటపడేస్తారు?

"పంతులుగారూ, మా జీతాల సంగతేంటి?" ఒక జమాదారు మీ భుజం పట్టుకున్నాడు. వేళ్ళు వణుకుతున్నాయి. కోపమో భయమో తెలియదు.

చిట్టా తెరుస్తారా? అందులో అంకెలున్నాయి, డబ్బు లేదు. పారిపోతారా? దారి లేదు. రాత్రంతా అక్కడే. తెల్లవారేసరికి ఫ్రెంచి అధికారులు జారుకున్నారు.

22. తెల్లారింది.

ఎదురుగా గుట్ట. దాని మీద కంపెనీ కల్నల్ రాబర్ట్స్ తోపులు. పక్కన మాల్కం గుర్రాలు. మధ్యలో మీరు.

"మనకూ తోపులున్నాయి కదా. కాలిస్తే?" జమాదారు అడుగుతున్నాడు.

ఉన్నాయి. గన్‌ఫౌండ్రీలో మన మేస్త్రీలు పోసినవి. మందుంది. గుండ్లున్నాయి. హుకుం ఇచ్చేవాడు లేడు.

ఎవరో తుపాకి కింద పెట్టారు. పక్కవాడు చూశాడు. పెట్టాడు. ఆ పక్కవాడు. వరస మొత్తం. ఒక్క గుండు పేలలేదు. కొన్ని గంటల్లో పది వేలకు పైగా ఆయుధాలు నేలమీద.

నన్నడిగితే, తప్పు ఆ రెండో కాగితం ఎంచుకోవడంతో మొదలవలేదు. ఈ కార్ఖానా నడిచిన పన్నెండేళ్ళలో తోపు పోయడం నేర్చుకున్నాం, దండు నడిపే పై అధికారుల్ని మనలోంచి తయారుచేసుకోలేదు. పిరాన్ జారుకున్న తెల్లారే ఆ తోపులన్నీ ఉత్త కంచు. కొత్త విమానం ధర చూసి మురిసే ఏ దేశమైనా పైలట్లకు తర్ఫీదు ఎవరిస్తారు, విడిభాగాలు ఎవరి గోదాములో ఉంటాయి, గొడవ వచ్చిన రోజు అవి పంపేదెవరు అని ముందు అడగాలి. ధర ఆ తర్వాత సంగతి.

లెక్క తేల్చే పని మళ్ళీ మీదే. 1800 అక్టోబరు 12. కొత్త ఒప్పందంలో పటాలాలు పెరిగాయి. ఏటేటా నగదు కట్టే బదులు కంపెనీకి భూమే ఇచ్చేయాలని నిర్ణయమైంది. టిప్పు సుల్తాను రాజ్యం నుంచి 1792లో, 1799లో నిజాం వాటాకు వచ్చిన సీమలు ఒక్కొక్కటే రాసుకోండి. బళ్ళారి. కడప. అనంతపురం వైపు. దత్త మండలాలన్న పేరు వాటికి అలా వచ్చింది. వాటిలో చాలా భాగాన్ని 1928 నంద్యాల సభ తర్వాత రాయలసీమ అంటున్నాం.

ఆ మీదట కూడా హైదరాబాద్‌లో డబ్బుకు కొదవ లేదు. 1918లో ఏడవ నిజాం డబ్బుతో కొన్న డీహెచ్-9ఏ బాంబర్లు బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు వెళ్ళాయి. 1940లో హైదరాబాద్ పేరు పెట్టుకున్న 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్‌లు ఇంగ్లండు ఆకాశంలో జర్మన్లతో పోరాడాయి. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిళ్ళు దొంగచాటుగా నిజాం కోసం తుపాకులు మోసుకొచ్చి బీదర్, వరంగల్ రన్‌వేల మీద దించాడు. ఆ ఏడాది సెప్టెంబరు 13న భారత వాయుసేన టెంపెస్ట్ విమానాలు హైదరాబాద్ మీదికి వచ్చినప్పుడు, వాటికి ఎదురెగరడానికి నిజాం దగ్గర ఒక్క యుద్ధ విమానం కూడా లేదు.