వెన్నుపూసల ఫ్యూజన్‌లో వాడే ఎముక గ్రాఫ్ట్‌లు

పక్కపక్కనున్న రెండు లేదా అంతకుమించిన వెన్నుపూసలను ఒకే ఎముకగా అతికించే శస్త్రచికిత్సను స్పైనల్ ఫ్యూజన్ అంటారు. ఈ అతుకు పడేందుకు పూసల మధ్య పెట్టే ఎముక ముక్కలు, పొడి, వాటికి బదులు వాడే పదార్థాలే గ్రాఫ్ట్‌లు. స్క్రూలు, రాడ్లు పూసలను కదలకుండా పట్టి ఉంచుతాయి. ఎముక అతకకపోతే కాలక్రమంలో అవి వదులవుతాయి, విరిగిపోవచ్చు కూడా.

చరిత్ర: ఈ చికిత్స వెన్నెముక క్షయ వల్ల రూపుదిద్దుకుంది. న్యూయార్క్‌లో ఫ్రెడ్ ఆల్బీ, రస్సెల్ హిబ్స్ 1911లో ఎవరికి వారుగా ఈ విధానాన్ని ప్రకటించారు. ఆల్బీ కాలి ఎముక ముక్కను వాడగా, హిబ్స్ పూసల నుంచే ఎముకను తీశారు.

పనితీరు: మంచి గ్రాఫ్ట్‌లో మూడు గుణాలు చూస్తారు. కొత్త ఎముకను కట్టే జీవకణాలు ఉండాలి. చుట్టూ ఉన్న కణాలను ఎముక కణాలుగా మార్చే ప్రొటీన్లు ఉండాలి. తీగకు పందిరిలా, కొత్త ఎముక అల్లుకోవడానికి ఆధారం కావాలి.

రకాలు: ఈ మూడూ ఉన్నది రోగి సొంత ఎముకే. సాధారణంగా తుంటి పైభాగం నుంచి దాన్ని తీస్తారు. తీసినచోట కొందరికి నొప్పి చాలాకాలం ఉంటుంది. నరాలపై ఒత్తిడి తగ్గించేటప్పుడు తొలగించిన పూస ఎముకనూ శుభ్రం చేసి వాడతారు.

దాతల ఎముకను శుద్ధిచేసి నిల్వ ఉంచుతారు. అందులో జీవకణాలు ఉండవు కనుక అతుకు ఆలస్యం కావచ్చు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1988లో కణజాల బ్యాంకు ఏర్పడింది. అక్కడ దాతల కణజాలాలను గామా కిరణాలతో క్రిమిరహితం చేస్తారు. అవయవ మార్పిడి చట్టానికి 2011లో కేంద్రం చేసిన సవరణ కణజాలాలనూ ఆ చట్టం పరిధిలోకి తెచ్చింది.

హైడ్రాక్సీఅపటైట్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ వంటి సిరామిక్‌లు ప్రధానంగా ఆధారాన్నే ఇస్తాయి. అందుకే వాటిని తరచుగా సొంత ఎముకతోనో మజ్జతోనో కలుపుతారు.

ఖనిజాలు తీసేసిన ఎముక కొత్త ఎముకను పుట్టించగలదని మార్షల్ యూరిస్ట్ 1965లో చూపారు. ఆ బాటలో వచ్చిన, ఎముకను పుట్టించే బీఎంపీ-2 ప్రొటీన్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో నడుము భాగపు ఫ్యూజన్‌కు అనుమతి ఇచ్చింది. మెడలో వాడినప్పుడు వాపు వచ్చి ఊపిరికి ప్రమాదం కలుగుతోందని 2008లో అదే సంస్థ హెచ్చరించింది.

రోగులకు: కాకినాడ దగ్గరి ఉప్పాడలో మగ్గం ముందు గంటల తరబడి కూర్చునే జాందానీ నేతకారులకు, వలలు లాగే మత్స్యకారులకు నడుమునొప్పి వచ్చినంత మాత్రాన ఈ ఆపరేషన్ అవసరం పడదు. పూస జారడం, తీవ్రమైన వంకర, విరగడం, క్షయ వల్ల పూస దెబ్బతినడం వంటి స్థితుల్లోనే దీన్ని ఆలోచిస్తారు. ఉప్పాడ వారికి చేరువలో ఉన్న పెద్ద ప్రభుత్వాసుపత్రి కాకినాడ జీజీహెచ్; ఇది రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధం.

అతుకు గట్టిపడటానికి సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. పొగతాగడం, అదుపులో లేని మధుమేహం దానికి ఆటంకాలు. కనుక ఆపరేషన్‌కు ముందే పొగ మానండి, చక్కెరను అదుపులోకి తెచ్చుకోండి. ఏ ఎముక పెడుతున్నారో, ఎందుకు అదే ఎంచుకున్నారో సర్జన్‌ను అడిగి తెలుసుకోండి.