తెరమీద పలనాడు

పలనాటి వీరకథను మన విమర్శకులు రెండు విధాల చదివారు. కొందరికది దాయాదుల తగవు, కొందరికి శైవ వైష్ణవాల పోరు. రెండింటిలోనూ నిజం లేకపోలేదు. కాని నన్ను వేధించే ప్రశ్న వేరు. కట్టుబాట్లు అంత గట్టిగా బిగిసిన సమాజంలో మనిషి తన బతుకు తాను బతకడానికి చోటెంత? మన సినిమా ఆ ప్రశ్నను ఏం చేసింది?

“మాలపిల్ల” (1938), “రైతుబిడ్డ” (1939) తీసి సనాతనులకూ జమీందార్లకూ కంటగింపైన గూడవల్లి రామబ్రహ్మం ఈ కథకు పూనుకోవడం యాదృచ్ఛికమని నేననుకోను. అన్ని కులాలనూ ఒకే చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడు, మాల కన్నమదాసును సేనానిని చేసిన బ్రహ్మనాయుడు ఆయన్ను ఆకర్షించి ఉంటాడు. 1946లో రామబ్రహ్మం మరణించగా, ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన “పల్నాటి యుద్ధం” 1947లో విడుదలయింది.

అయితే ఆ సంస్కరణ ఎంతదూరం పోయింది? శ్రీనాథుడిదని చెప్పే ద్విపద కావ్యంలో అనపోతు ఘట్టం చూడండి. బాలచంద్రుడితో కలిసి తిరిగిన బ్రాహ్మణ యువకుడతడు. యుద్ధంలో బ్రాహ్మణుడు చస్తే పాపం చుట్టుకుంటుందని అతణ్ణి ఏదో మిషమీద వెనక్కు పంపుతారు. సంగతి గ్రహించి అతడు ప్రాణం తీసుకుంటాడు. కంచం దగ్గర పోయిన కులం కత్తి దగ్గర తిరిగొచ్చింది. స్నేహితుల పక్కన చావడానికి కూడా అతనికి హక్కు లేకపోయింది!

ఇక నాగమ్మ. విధవరాలు మూల కూర్చోవలసిన 12వ శతాబ్దంలో ఆమె గురజాల నలగామరాజుకు మంత్రిణి అయింది. 1947లో కన్నాంబ, 1966లో గుత్తా రామినీడు చిత్రంలో భానుమతి ఆ పాత్ర ధరించారు. రెంటిలోనూ ఔదార్యం బ్రహ్మనాయుడిది, కుతంత్రం నాగమ్మది. కోడిపందెంలో రాజ్యాన్ని ఒడ్డి, ఓడి, ఏడేళ్ళ వలసకు ఒప్పుకున్నది మాచర్ల మగవాళ్ళే కదా! ఆ తెలివితక్కువతనం మరుగునపడి, గెలిచిన ఆడదాని మాయ ఒక్కటే కథగా మిగిలింది. 1953లోనే “చండీరాణి”కి దర్శకత్వం వహించిన భానుమతి, అధికారం చేసినందుకు దుష్టురాలనిపించుకున్న స్త్రీగా నటించవలసి రావడం చిత్రమే.

మాంచాల సంగతి ఇంకా దారుణం. శ్యామాంగి ఇంట కాలం గడిపిన భర్త మొగం ఆమె ఎరగదు. ఆగిపోతాడేమోనన్న ఆశతో ఐతమ్మ కొడుకును కోడలి దగ్గరకు పంపింది. మాంచాల అతణ్ణి యుద్ధానికి సాగనంపింది. దీన్ని వీరపత్నీధర్మమని పొగడటం పరిపాటి. అత్త కోరిక కాదని ఆమె ఒక నిర్ణయం చేసింది, నిజమే. కాని ఆ నిర్ణయమూ వీరధర్మం ముందే రాసిపెట్టినది. ఉండిపొమ్మని అడిగే మాంచాలను ఆ సమాజం తలచుకునేదా?

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య మొదలు అయిదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది. వీరవిద్యావంతులు ఆ కథ పాడతారు. మన విద్యార్థులు సినిమాతో కాక ఆ పాటతో మొదలుపెట్టి, అందులో నాగమ్మ ఎట్లా మాట్లాడుతుందో రాసుకొస్తే బాగుండును.