మృదులాస్థి

మృదుల, అస్థి: సవర్ణదీర్ఘ సంధి. మెత్తని ఎముక అని అర్థం. ఎముక మన మాట. తమిళ ఎలుంబు, కన్నడ ఎలుబు దాని తోబుట్టువులు. అస్థి సంస్కృతం, గ్రీకు ఆస్టియాన్‌కు దగ్గరి చుట్టం. ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్, కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాల పేర్లలో ఉన్నది ఆ గ్రీకు మాటే.

మృదులాస్థి చక్కని పేరు. కానీ చెవి డొప్పలో, ముక్కు కొనలో ఉండే ఆ పదార్థం ఎముకలో ఒక రకం కాదు. దానిలో రక్తనాళాలుండవు, అందుకే దెబ్బ తగిలితే త్వరగా మానదు. అయినా పేరులో నిజం లేకపోలేదు. గర్భంలో మన కాళ్లూ చేతుల ఎముకలు మొదట మృదులాస్థిగానే రూపుదిద్దుకుంటాయి. పిల్లల్లో పొడవాటి ఎముకల చివర్ల దగ్గర మృదులాస్థి పలక పెరుగుతూ ఉంటుంది, వెనకనుంచి దాని చోటును ఎముక ఆక్రమిస్తూ వస్తుంది. యౌవనంలో ఆ పలక పూర్తిగా ఎముకైపోయాక ఎత్తు పెరగడం ఆగుతుంది.