తుప్పు తొలగింపు: కర్నూలు, కడప ప్రాంతాల్లో వాహన భాగాలు, పనిముట్లు

ఇనుము నీటితోనూ గాలిలోని ఆక్సిజన్‌తోనూ కలిసి ఎర్రగోధుమ రంగు ఐరన్ ఆక్సైడ్‌గా మారితే దాన్ని తుప్పు అంటారు. అసలు ఇనుము కంటే ఇది ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే లోహాన్ని అంటిపెట్టుకోకుండా పొరలుపొరలుగా ఉబ్బి రాలుతుంది, అడుగున ఉన్న కొత్త ఇనుము మళ్లీ గాలికి బయటపడుతుంది. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే చాలు, కంటికి ఆనని నీటిపొర ఇనుము మీద ఏర్పడుతుంది. దానికి ఉప్పు తోడైతే తుప్పు వేగంగా పెరుగుతుంది.

కర్నూలు, కడప ప్రాంతాలు సముద్రపు గాలికి దూరం, వానలూ తక్కువే. ఇలాంటి నేలలో ఇనుము చాలాకాలం నిలవాలి. దాన్ని ఇక్కడ తినేసేది ముఖ్యంగా సందుల్లో ఇరుక్కున్న తడి, దానికి తోడైన ఉప్పు. నంద్యాల వైపు నల్లరేగడి మట్టి మడక కర్రుకూ, ట్రాక్టరు మడ్‌గార్డు లోపలికీ అంటుకుని రోజుల తరబడి తడిని వదలదు. ఉప్పు బోరునీళ్లతో కడిగిన కారు ఆరాక తలుపుల అడుగు అంచుల్లో ఆ ఉప్పు మిగిలిపోతుంది. వేరుశనగ విత్తే గొర్రు అన్నిటికంటే అన్యాయంగా పాడవుతుంది. ఎరువు పెట్టెలో అడుగున మిగిలిన గుళికలు రాత్రిపూట గాలిలోని తేమను పీల్చుకుని కరిగి, రేకును తినేస్తాయి. పొటాష్ ఎరువు అంటే పొటాషియం క్లోరైడ్; ఇనుమును చెరచడంలో సముద్రపు ఉప్పుకు అదేమీ తీసిపోదు.

ఈ పొడి సీమకు వరదలూ తెలుసు. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. 2021 నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, అప్పటి కడప జిల్లాలోని పులపత్తూరు, మందపల్లి ఊళ్లను నీరు ముంచెత్తింది. వరదలో మునిగిన బండిని స్టార్టు చేయకూడదు. ముందు బ్యాటరీ తీగ విప్పి, బురద ఎండకముందే మంచినీళ్లతో కడగాలి. గట్టిపడిన బురద వెనక తడి నెలల తరబడి దాగుతుంది.

తుప్పు తీసే ముందు అది ఎంత లోతుకు పోయిందో చూడాలి. స్క్రూడ్రైవరు మొనతో పొడిచినప్పుడు పొడి రాలి గట్టి లోహం తగిలితే అది పైతుప్పు. మొన లోపలికి దిగబడితే శుభ్రం చేసి లాభం లేదు, ఆ భాగం మార్చాల్సిందే. బ్రేకు పైపులు, స్టీరింగు భాగాలు, చాసిస్ విషయంలో ఆ నిర్ణయం మెకానిక్‌దే కావాలి. కడిగిన మర్నాడు బ్రేకు డిస్కు మీద కనిపించే పలచటి ఎర్రదనం మాత్రం నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది.

పానాలు, సుత్తులు, కొడవళ్లు, బేతంచెర్ల రాతిపనివాళ్ల ఉలులు వంటివాటికి కిరోసిన్, వైరు బ్రష్, ఎమరీ కాగితం చాలు. కిరోసిన్‌తో ఆరుబయట, పొయ్యికి దూరంగా పని చేయాలి. పెట్రోలు అసలు వాడకూడదు. గ్రైండింగ్ మిషనుకు బిగించిన వైరు బ్రష్ నుంచి తీగముక్కలు సూదుల్లా ఎగురుతాయి కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. పాత యంత్రాల మీది సింధూరపు రంగు సీసంతో చేసినదై ఉండవచ్చు, దాన్ని పొడిగా గీకితే ఆ సీసం ఊపిరిలోకి పోతుంది. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్మును గాలికొట్టి ఊదకూడదు. పెట్రోలు ట్యాంకు ఖాళీగా కనిపించినా ఆవిరి మిగిలి ఉంటుంది. గ్రైండింగు, వెల్డింగు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

బ్రష్ చేరని సందులకు నానబెట్టడమే దారి. ఇత్తడి బిందెను తళతళలాడించే చింతపండు ఇనుము మీదా పని చేస్తుంది. అందులోని టార్టారిక్ ఆమ్లం తుప్పును కరిగించి తనతో కలుపుకుంటుంది. నిమ్మ ఉప్పు ఇంకా చురుకైనది. లీటరు నీటికి 50 నుంచి 100 గ్రాములు కలిపి, జిడ్డు వదిలించిన పనిముట్టును ప్లాస్టిక్ బకెట్లో వేస్తే కాసేపటికి సన్నని బుడగలు లేస్తాయి, నీరు పచ్చబారుతుంది. గంటకోసారి తీసి బ్రష్‌తో రుద్ది చూడాలి. తుప్పు వదిలాక కూడా ఉంచితే ఆమ్లం ఇనుమునే తినడం మొదలుపెడుతుంది, కనుక రాత్రంతా వదిలేయడం మంచిది కాదు. తీసిన వెంటనే వంటసోడా కలిపిన నీటిలో ముంచి, కడిగి, తుడిచి, ఎండలో పెట్టాలి. కాస్త ఆలస్యమైనా కళ్లముందే లేత నారింజ రంగు మళ్లీ కమ్ముకుంటుంది.

బెల్లంతోనూ ఈ పని జరుగుతుందని శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లకు తరతరాలుగా తెలుసు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీటిలో రోజుల తరబడి పులియబెట్టి కసింకారం చేస్తారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద దానితో గీసిన గీత నల్లగా తేలుతుంది. వాళ్లకు కావలసింది నీటిలోకి దిగిన ఇనుము. పాత కారు భాగాలను బాగుచేసేవాళ్లు ఒక వంతు చెరకు మడ్డికి (మొలాసిస్) తొమ్మిది వంతుల నీరు కలిపి, రెండు మూడు వారాలు నానబెట్టి, ఆ నీటిని పారబోసి శుభ్రపడిన భాగాన్ని తీసుకుంటారు. అల్యూమినియం, జస్తా భాగాలను అందులో వేయకూడదు.

మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో నిమిషాల్లో తుప్పు పోతుంది, అయితే దాని జోలికి వెళ్లకపోవడమే మేలు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాని ఆవిరి పక్కనున్న పనిముట్లకు తగిలి వాటికీ తుప్పు పట్టిస్తుంది. బ్లీచింగ్ పౌడరు కలిసిందంటే ప్రాణం తీసే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆమ్లంలో వెలువడే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది కనుక స్ప్రింగులు, కమాను పట్టీలు, అధిక బలపు బోల్టులు ఏ ఆమ్లంలోనూ వేయరాదు. పైకి మెరుస్తూనే అవి ఒకరోజు బరువు మీద పుటుక్కున విరుగుతాయి. కడప బండల మీద కూడా ఆమ్లం పని పెట్టుకోకూడదు. అవి సున్నపురాళ్లు, నిమ్మ ఉప్పు నీళ్లు ఒలికినా నురగ వచ్చి నునుపు పోతుంది, ఆ మరక తుడిస్తే పోయేది కాదు. వాడిన ఆమ్లాన్ని సున్నం వేసి విరిచాకే పారబోయాలి. బావి, కాలువ దరిదాపుల్లో అసలు వద్దు.

చాకలి సోడా నీటిలో బ్యాటరీ చార్జరుతో తుప్పు వదిలించే విద్యుత్ పద్ధతి ఇనుమును తినదు. వస్తువుకు రుణధ్రువం, పక్కన పెట్టే మామూలు ఇనుప ముక్కకు ధనధ్రువం కలపాలి. ఆ ముక్క స్టెయిన్‌లెస్ స్టీలుదైతే విషపూరిత క్రోమియం నీటిలో కలుస్తుంది. సోడాకు బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది. హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి.

శుభ్రమైన ఇనుముకు అదేరోజు పూత వేయాలి. పనిముట్లకు మెషీన్ ఆయిల్ రాయాలి. ఆముదం కూడా రక్షణ ఇస్తుంది గానీ నాళ్లు గడిస్తే జిగురు కడుతుంది. బండి రేకుకు రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, దానిపై రంగు వేయాలి. ఆ ప్రైమరులోని ఎర్రదనమూ ఐరన్ ఆక్సైడే. నూనెలో, రెజిన్‌లో మెత్తగా కలిసిన ఆ పొడి తడిని అడ్డుకుంటుంది. విత్తనాలు వేయడం ముగిసిన రోజే గొర్రు ఎరువు పెట్టెను ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, నూనె రాసి, మూత కొద్దిగా తెరిచి నీడపట్టున ఉంచితే వచ్చే తొలకరికి ఈ పనులేవీ అవసరం పడవు.