రేడియో మెష్‌కు ప్రతిపదార్థం

2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి మండలంలోని మోరంచపల్లిని ముంచేసింది. జనం మిద్దెలూ చెట్లూ ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హెలికాప్టర్లు, పడవలు వచ్చాకే కిందికి దిగారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగి మరిపెడ మండలం సీతారాంతండా నీట మునిగింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింది కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. ‘అత్యవసర అమెచ్యూర్ రేడియో మెష్’ పనికొచ్చేది ఇలాంటి రోజులకే. ఆ నాలుగు పదాలూ నాలుగు వేర్వేరు సంగతులు. వాటిని కలగాపులగం చేస్తే లేని ధీమా వస్తుంది కాబట్టి, ఒక్కొక్కటే విడదీసి చూద్దాం.

అత్యవసర: అంటే మామూలు దారులు మూసుకుపోయిన వేళకు సంబంధించినది. సెల్ టవర్ కూలితేనే ఫోన్లు మూగబోతాయని అనుకోకూడదు. కరెంటు పోయి బ్యాటరీలు దిగిపోయినా, రోడ్డుతోపాటు ఫైబర్ తెగినా టవర్ నిలబడే ఉంటుంది, సిగ్నల్ మాత్రం ఉండదు. కాబట్టి అత్యవసర సాధనానికి మొదటి లక్షణం వేగం కాదు, స్వతంత్రత. అనగా సొంత కరెంటు ఉండాలి, తెగే తీగమీద ఆధారపడకూడదు.

అమెచ్యూర్: అంటే పని రానివాడు కాదు, డబ్బు పుచ్చుకోనివాడు. మన దేశంలో 12 ఏళ్లు నిండినవారెవరైనా పరీక్ష రాసి, టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నుంచి లైసెన్సు పొందవచ్చు. దాంతోపాటు ‘వీయూ’తో మొదలయ్యే కాల్‌సైన్ వస్తుంది. వీరినే హ్యామ్‌లంటారు. 144–146 మెగాహెర్ట్జ్ వీరు ఎక్కువగా వాడే బ్యాండుల్లో ఒకటి. హ్యామ్‌లకు ముఖ్యంగా రెండు నిషేధాలున్నాయి: వ్యాపారం చేయకూడదు, రహస్య సంకేతాల్లో మాట్లాడకూడదు.

హైదరాబాద్‌లో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ విద్య నేర్పుతోంది. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబరు 26న సునామీ వచ్చేనాటికి అండమాన్‌లోనే ఉన్నారు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి రేడియోలో సమాచారం అందించారు. అయితే అది మెష్ కాదు. సముద్రం దాటి దూరం పోయే హెచ్‌ఎఫ్ తరంగాలమీద మనిషి మనిషితో నేరుగా మాట్లాడడం. ఆ కీర్తిని మెష్ ఖాతాలో వేయకూడదు.

రేడియో: ఇక్కడ చెప్పేది వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ తరంగాల సంగతి. ఇవి దాదాపు చూపు సాగినట్టే సాగుతాయి, అనగా నేల వంపు చాటున పడితే అందవు. లెక్క ఇది: యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణిస్తే తరంగం చేరే దూరం కిలోమీటర్లలో వస్తుంది. చేతిలోని సెట్టు ఎత్తు 1.5 మీటర్లనుకుంటే దూరం 5 కిలోమీటర్లు. 16 మీటర్ల వాటర్ ట్యాంకు మీద పెడితే 16 దాటుతుంది. రెండు కొసల దూరాలనూ కూడాలి. కాబట్టి రెండు ట్యాంకుల మధ్య 32 కిలోమీటర్ల పైచిలుకు. ఇది అడ్డులేని నేలకు చెప్పిన గరిష్ఠం. జనగామ వైపు మెట్ట పొలాల్లో ఈ లెక్కకు కొంత దగ్గరగా పోవచ్చు. భూపాలపల్లి అడవిలో వానకు తడిసిన ఆకు సిగ్నల్‌ను మింగేస్తుంది, అక్కడ దూరం బాగా తగ్గుతుంది.

మెష్: అంటే ప్రతి సెట్టూ తనకు వచ్చిన సందేశాన్ని మళ్లీ ప్రసారం చేసే అల్లిక. అల్లికలోని ఒక్కో సెట్టు ఒక్కో నోడ్. రిపీటర్ కూడా మాటను అందుకుని మళ్లీ పంపేదే కానీ, అది ఒక్కచోటే ఉంటుంది. అది ఆగితే దాన్ని నమ్ముకున్నవాళ్లందరి మాటా ఆగుతుంది. మెష్‌లో ఒక నోడ్ పోయినా మరో దారి ఉంటే సందేశం చేరుతుంది. ‘మరో దారి ఉంటే’ అన్న షరతును మరవకూడదు.

పెద్ద గందరగోళం ఇక్కడే ఉంది. ‘లోరా’ అనే తక్కువ పవర్ రేడియోలమీద నడిచే ‘మెష్‌టాస్టిక్’ అనే మెష్ సాఫ్ట్‌వేర్‌ను చాలామంది హ్యామ్ రేడియో అనుకుంటారు. మన దేశంలో అది సాధారణంగా నడిచేది 865–867 మెగాహెర్ట్జ్‌లో. ప్రభుత్వం నిర్ణయించిన పవర్ పరిమితికి లోబడితే ఆ బ్యాండుకు లైసెన్సు అక్కర్లేదు, ఎన్‌క్రిప్షన్ (సందేశాన్ని రహస్య సంకేతాల్లోకి మార్చడం) కూడా వాడవచ్చు. అదే మెష్‌ను హ్యామ్ బ్యాండులో నడపాలంటే లైసెన్సు కావాలి, కాల్‌సైన్ పంపాలి, ఎన్‌క్రిప్షన్ తీసేయాలి. పరికరం ఒకలాంటిదే అయినా చట్టం దృష్టిలో అవి రెండు వేర్వేరు సేవలు. నాలుగు పదాలూ అయ్యాయి కానీ, మెష్‌తోపాటు వినబడే మరో మూడు మాటలూ చూడాలి.

హాప్: అంటే ఒక నోడ్ నుంచి మరో నోడ్‌కు సందేశం వేసే ఒక అంగ. మెష్‌టాస్టిక్‌లో మామూలుగా 3 అంగలు, గరిష్ఠంగా 7. పెంచుకుంటూ పోతే మేలనిపిస్తుంది కానీ, ప్రతి పునఃప్రసారమూ అందరూ పంచుకునే ఒకే చానల్‌ను కాసేపు ఆక్రమిస్తుంది. అందుకే ఇళ్లల్లో పెట్టిన ఇరవై నోడ్‌లకన్నా గుట్టమీది రెండు నోడ్‌లు ఎక్కువ పనిచేయవచ్చు.

బైట్: అంటే సందేశం పొడవుకు కొలత. ఒక్క సందేశంలో 200 పైచిలుకు బైట్లే పడతాయి. ఫొటోలు, వాయిస్ కాల్స్ సాగవు. తెలుగులో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు విడివిడిగా మూడేసి బైట్లు తీసుకుంటాయి. ‘నీళ్లు’ అని తెలుగులో కొడితే 18 బైట్లు, అదే మాట ఇంగ్లిష్ అక్షరాల్లో 6. కాబట్టి ఊరి పేరు, మనుషుల సంఖ్య, కావలసిన సాయం ఏ వరుసలో రాయాలో, ఏ పొడి మాటలు వాడాలో ముందే ఒప్పుకోవాలి.

గేట్‌వే: అంటే మెష్‌ను ఇంటర్నెట్‌తో కలిపే నోడ్. వరదలో ఇంటర్నెట్ పోతే గేట్‌వే పని ఆగుతుంది, లోపలి మెష్ ఆగదు. కానీ ఆ మెష్ ఎక్కడ ముగుస్తోంది? పడవ పంపగల అధికారి కూర్చునే కంట్రోల్ రూమ్‌లో ఒక నోడ్, దాని ముందు మేలుకుని ఉన్న మనిషి లేకపోతే, తండాలు తమలో తాము కష్టం చెప్పుకోవడమే మిగులుతుంది.

ఈ పదాలన్నిటికీ అర్థం చెప్పుకున్నాక తేలేది ఒక్కటే: మెష్ వరద వచ్చాక తెప్పించుకునే పరికరం కాదు, ఎండాకాలంలోనే అల్లిపెట్టుకోవాల్సిన ఏర్పాటు. పంచాయతీ అనుమతి తీసుకుని ఊరి ట్యాంకు మీద సోలార్ ప్యానెల్‌తో ఒక నోడ్ పెట్టండి. పక్క ఊరికి సందేశం చేరుతోందో లేదో చూడండి. చేరకపోతే చోటు మార్చండి. తొలి వాన పడ్డాక, ఆకు తడిసి ఉన్నప్పుడు, మళ్లీ ఒకసారి చూడండి.