ఎలెనోర్ హ్యాండ్లీ టైపు చేసిన నవల

లెన్ డైటన్ నవల 'బాంబర్' గురించి ఎక్కడ చదివినా ఒక మాట తప్పకుండా ఎదురవుతుంది: వర్డ్ ప్రాసెసర్ మీద రాసిన మొట్టమొదటి నవల అది అని. నవల నాకు ఇష్టం. పైగా రోజంతా టెక్స్ట్ ఎడిటర్లో బతికే ఉద్యోగం కాబట్టి, ఆ మాటని చాలాకాలం నలుగురికీ గర్వంగా చెప్పాను కూడా. తర్వాతెప్పుడో అందులో 'రాసిన' అన్న ముక్క దగ్గర అనుమానం మొదలైంది. ఆ యంత్రం ముందు ఎక్కువగా కూర్చున్నది డైటన్ కాదు. ఆయన సహాయకురాలు ఎలెనోర్ హ్యాండ్లీ.

1968 నాటి లండన్. 'ది ఇప్‌క్రెస్ ఫైల్'తో డైటన్ అప్పటికే పేరున్న రచయిత. ఆయన రాసి, కొట్టేసి, మళ్ళీ రాసేవాడు. ఒక్కో అధ్యాయాన్ని హ్యాండ్లీ డజన్ల సార్లు మొదటినుంచీ టైపు చేయాల్సొచ్చేది. వాళ్ళ టైప్‌రైటర్లు బాగుచెయ్యడానికి వచ్చే ఐబీఎం టెక్నీషియన్ ఇది గమనించి, ఈ పని తగ్గించే యంత్రం మా కంపెనీలో ఉంది, చూస్తారా అన్నాడు. మెరిక్ స్క్వేర్లోని ఆ ఇంటికి యంత్రం వచ్చిన రోజున కిటికీ ఊడదీసి, క్రేన్‌తో ఎత్తి లోపలికి దించాల్సొచ్చింది. బరువు దాదాపు 90 కిలోలు. కింద నిలబడి చూస్తున్న డైటన్‌కి, అనవసరంగా తెప్పించానా అని ఒక క్షణం అనిపించిందట.

ఆ యంత్రం పేరు మాగ్నెటిక్ టేప్ సెలెక్ట్రిక్ టైప్‌రైటర్. పొట్టిగా ఎంటీ/ఎస్‌టీ. ఐబీఎం దాన్ని 1964లో అమెరికాలో విడుదల చేసింది, ధర పదివేల డాలర్ల దాకా ఉండేది. దీనికి పునాది 1961లో వచ్చిన సెలెక్ట్రిక్. పాత టైప్‌రైటర్లో ఒక్కో అక్షరానికి ఒక్కో లోహపు చువ్వ ఉంటుంది కదా, సెలెక్ట్రిక్‌లో వాటన్నిటికీ బదులు గోల్ఫ్ బంతంత గుండ్రటి ముక్క ఒకటే. దాని ఒంటినిండా 88 గుర్తులు. మీట నొక్కితే బంతి తిరిగి, వంగి, సరైన అక్షరాన్ని కాగితానికి కొడుతుంది. (ఆ 88లో మన గుణింతాలూ ఒత్తులూ ఎలా ఇరికిస్తారో ఊహించుకుంటే నాకు నవ్వొస్తుంది.) ఏ మీట నొక్కితే బంతి ఎటు తిరగాలో తేల్చే పద్ధతి ఉంది కాబట్టి, ఆ కదలికనే సంకేతంగా టేపు మీద దాచొచ్చు. దాచినదాన్ని తిరిగి పంపితే మనిషి వేలు లేకుండానే బంతి కొడుతుంది.

ఎంటీ/ఎస్‌టీ చేసిన పని అదే. టైపు చేసిన ప్రతి అక్షరం కాగితం మీదా పడుతుంది, పక్కనున్న పెట్టెలోని టేపు మీదా పడుతుంది. ఒక టేపులో సుమారు 24 వేల అక్షరాలు పట్టేవి. తప్పు పడితే వెనక్కి జరిగి, దాని మీదే సరైన అక్షరం కొట్టాలి. కాగితం మీద రెండూ ఒకదానిమీదొకటి పడి అసహ్యంగా కనిపిస్తాయి. టేపు మీద మాత్రం పాతది పోయి కొత్తదే ఉంటుంది. చివర్లో తెల్లకాగితం ఎక్కించి మీట నొక్కితే, సెకనుకి పదిహేను అక్షరాల చొప్పున యంత్రమే శుభ్రమైన ప్రతి కొట్టుకుంటూ పోతుంది.

ఇక్కడ మనం ఆగి ఊహించుకోవాల్సింది ఒకటుంది. ఆ యంత్రానికి తెర లేదు. మనకు ఎడిటింగ్ అంటే కళ్ళముందు కర్సరు, కావలసిన చోట క్లిక్కు. ఆమెకి టేపు ఒక మూసిన పెట్టె. నాలుగో పేజీ మధ్యలో ఒక వాక్యం చేర్చాలంటే, ముందుగా పెట్టుకున్న గుర్తుదాకా టేపుని జరపాలి, రెండో టేపు మీదికి పాత పాఠాన్ని ఎక్కిస్తూ రావాలి, సరైన మాట దగ్గర ఆపాలి, కొత్త వాక్యం టైపు చెయ్యాలి, అక్కర్లేని పాతముక్కని దాటించాలి, మిగతాది మళ్ళీ ఎక్కించాలి. ఒక మాట ముందు ఆపితే ఒక గొడవ, ఒక మాట దాటితే ఇంకో గొడవ. మార్జిను ప్రకారం పంక్తులు సర్దేటప్పుడు చివర్లో పొడుగు మాట వస్తే, దాన్ని ఎక్కడ విరగ్గొట్టాలో తేల్చుకోమని యంత్రం ఆగి మనిషికి వదిలేసేది. ఏది ఎక్కడుందో చెప్పే చిట్టా ఆ కూర్చున్న మనిషి బుర్రలో ఉండి తీరాలి. ఇవాళ సాఫ్ట్‌వేర్ చేసే పనిలో సగం అప్పుడు టైపిస్టు చేసింది, జీతం మాత్రం టైపిస్టుది.

'బాంబర్' లాంటి నవలకి ఇది మరీ కష్టం. కథంతా ఒకే ఒక్క రోజు, 1943 జూన్ 31. (అవును, క్యాలెండర్లో లేని తేదీనే.) బ్రిటిష్ విమానాల్లో ఉన్నవాళ్ళు, కింద జర్మన్ పట్టణంలో ఉన్నవాళ్ళు, రాడార్ల దగ్గరున్నవాళ్ళు, అందరూ ఆ ఇరవై నాలుగ్గంటల్లోనే మారిమారి వస్తుంటారు. ఒకచోట సమయం మారిస్తే పదిచోట్ల మార్చాలి. పుస్తకం 1970లో వచ్చింది. పూర్తిగా అయస్కాంత టేపు మీద నమోదైన మొదటి పుస్తకం బహుశా ఇదేనని డైటన్ అందులోనే చెప్పుకున్నాడు.

'వర్డ్ ప్రాసెసింగ్' అన్న మాట పుట్టుక కూడా ఆ యుద్ధం వైపే చూపిస్తుంది. 1950ల్లో ఐబీఎం జర్మనీ శాఖలో టైప్‌రైటర్లు అమ్మిన ఉల్రిక్ స్టైన్‌హిల్పర్, 'డేటా ప్రాసెసింగ్'కి జోడీగా జర్మన్‌లో 'టెక్స్ట్‌ఫెరార్‌బైటుంగ్' అనే మాట ప్రతిపాదించాడు. ఆయన అంతకుముందు జర్మన్ యుద్ధవిమానాల పైలట్, 1940లో ఇంగ్లండు మీద కూలి బందీ అయినవాడు. ఆకాశంలో బాంబుల కథకి ఆయన పేరుపెట్టిన సాంకేతికతే పనికొచ్చింది. ఇది యాదృచ్ఛికమే, ఇందులో పెద్ద అర్థం వెతకను.

అర్థం వెతకాల్సింది ఆఫీసుల్లో. 1967లో ఈ యంత్రం కోసం ఐబీఎం ఒక చిన్న సినిమా తీయించింది. తీసింది జిమ్ హెన్సన్, మప్పెట్ బొమ్మల హెన్సనే. కాగితాలు గుట్టలుగా పెరుగుతున్నాయి, పని యంత్రం చెయ్యాలి, ఆలోచన మనిషి చెయ్యాలి అన్నది దాని సారాంశం. బాగానే ఉంది. కానీ ఆచరణలో చాలా కంపెనీలు సెక్రటరీ పనిని రెండుగా చీల్చాయి. కొందరికి ఫోన్లూ ఫైళ్ళూ, మిగిలినవాళ్ళకి ఒక గదిలో వరసగా యంత్రాలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా టైపు. ఆలోచించే మనిషి వేరే గదిలో ఉన్నాడు.

మా పెద్దమ్మ ఒక ప్రభుత్వాఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైంది. లోయరూ హయ్యరూ పాసైన మనిషి. ఆవిడ దగ్గర ఎంటీ/ఎస్‌టీ లేదు, మామూలు టైప్‌రైటరూ రెండు కార్బన్లూ ఉండేవి. "సార్ చదివితే దిద్దుబాట్లుంటాయి, అయిదున్నర బస్సు అందాలంటే మూడింటికే కాగితం లోపల పెట్టాలి" అనేది. తర్వాత కంప్యూటరొచ్చింది కదా పెద్దమ్మా, పని తగ్గలేదా అని అడిగాను. "కార్బన్లు తగ్గాయి నాన్నా. సార్ల దిద్దుబాట్లు పెరిగాయి" అంది. మళ్ళీ టైపు చెయ్యడం తేలికైతే మళ్ళీ టైపు చెయ్యమనడమూ తేలికవుతుంది. యంత్రం మిగిల్చిన సమయం ఎవరి ఖాతాలో పడుతుందన్నది యంత్రం తేల్చే విషయం కాదు.

ఈ ప్రశ్నని తయారీదారు వైపునుంచి ఎదుర్కొన్న మనిషి ఎవెలిన్ బెరెజిన్. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1925లో పుట్టి, ఫిజిక్స్ చదివి, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ టికెట్ రిజర్వేషన్ వ్యవస్థని రూపొందించిన ఇంజనీరు. 1969లో రెడాక్ట్రాన్ అనే సొంత కంపెనీ పెట్టింది. 1971లో వచ్చిన వాళ్ళ యంత్రం పేరు 'డేటా సెక్రటరీ'. సెమీకండక్టర్ చిప్‌లతో పనిచేసింది, చిప్‌లలో కొన్నిటిని ఆమే డిజైన్ చేసింది. సెక్రటరీల చాకిరీ తగ్గించే యంత్రానికి 'సెక్రటరీ' అనే పేరు పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పని మనిషిదా యంత్రానిదా అన్న తేడా ఆ పేరులోనే చెరిగిపోయింది. 1976లో ఆ కంపెనీని బరోస్ కొనుక్కుంది.

హ్యాండ్లీ కథ ఇంత వివరంగా మనకు తెలియడానికి మాథ్యూ కిర్షెన్‌బామ్ అనే అమెరికన్ ప్రొఫెసర్ కారణం. రచయితలూ వర్డ్ ప్రాసెసర్లూ అన్న విషయం మీద ఆయన రాసిన 'ట్రాక్ ఛేంజెస్' 2016లో వచ్చింది. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు ఆ టేపు గుర్తొస్తుంది. నా కోడ్‌లో పదేళ్ళ కిందట ఎవరు ఏ కామా మార్చారో ఇవాళ నేను వెతికి పట్టుకోగలను. ఆ టేపు మీద దిద్దినచోట పాత అక్షరం మిగలదు. డైటన్ కొట్టేసిన వాక్యం ఏదో, దాని బదులు వచ్చింది ఏదో, చేర్చేటప్పుడు రెండూ ఆమె వేళ్ళ కిందనుంచే వెళ్ళాయి.